కెమెరా ఆగిన చోటు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. కెప్టెన్ స్కాట్ దక్షిణధ్రువ యాత్రపై, ఆ యాత్రలోనే ఛాయాచిత్రకారుడైన హెర్బర్ట్ పాంటింగ్ తీసిన మూకీ చిత్రం గురించి నువ్వు పంపిన వ్యాసం అందింది. నిదానంగా చదివాను. భాష బాగుంది, వాక్యానికి నడక ఉంది. అయితే వ్యాసం నడిమధ్య, గుడారం దృశ్యం దగ్గర, నువ్వు పాఠకుడికి చెప్పిన మాట నిజం కాదు. దాన్ని నీ అజాగ్రత్త అనలేను, ఎందుకంటే ఆ చిత్రాన్ని కూర్చిన తీరే ఎవరినైనా అలా నమ్మిస్తుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టు.

మృత్యువు గుమ్మంలో నిలిచిన నలుగురు వీరులు పంచుకున్న ఆఖరి భోజనమని రాశావు. ఆ దృశ్యాన్ని మరొకసారి పెట్టుకుని చూడు. స్కాట్, విల్సన్, బోవర్స్, ఎడ్గర్ ఇవాన్స్ మంచుబండి లాక్కుంటూ వస్తారు, గుడారం వేస్తారు, స్టవ్ వెలిగించి వండుకుంటారు, తింటారు, నిద్రసంచుల్లోకి దూరతారు. నలుగురు మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ కూర్చుంటే తప్ప పట్టని చోట కెమెరాకూ దాని ముక్కాలి స్టాండుకూ జాగా ఎక్కడిది? వాళ్ల ముఖాలు అంత స్పష్టంగా కనబడటానికి వెలుతురు ఎటునుంచి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలు వేసుకుని ఉంటే నీ కలం అక్కడే ఆగేది. అది 1911లో, ధ్రువానికి బయలుదేరకముందే, అంటార్కిటికా తీరంలోని కేప్ ఇవాన్స్ స్థావరం దగ్గర పాంటింగ్ కోసం వాళ్లు చేసి చూపించిన దృశ్యం. బండి లాగుతూ సాగే ప్రయాణంలో రోజు ఎలా గడుస్తుందో ఇంగ్లండులోని ప్రేక్షకులకు తెలియాలని దాన్ని తీశారు. స్కాట్ నవంబరు 1న కదిలాడు. పాంటింగ్ ఆ దూరం వెంట వెళ్లలేదు, 1912 మార్చిలో ఓడెక్కి వెనక్కి వచ్చేశాడు.

ఇంకో సంగతి గమనించు. చివరి అంచెలో ధ్రువానికి వెళ్లింది ఐదుగురు, వాళ్లలో ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. ఐదోవాడైన ఓట్స్ ఈ దృశ్యంలో లేడు. నలుగురికని అమర్చిన గుడారంలో ఐదుగురు సర్దుకోవలసి రావడం ఆ ప్రయాణపు ఇబ్బందుల్లో ఒకటి. విషాదమే రాయదలచుకుంటే, నవ్వుతూ నలుగురు వండుకుంటున్న ఈ దృశ్యం పక్కన ఆ ఐదో మనిషి లెక్కను పెట్టు. దానికి విశేషణాలు అక్కరలేదు.

ఇలాంటి చిత్రాల గురించి రాసేవాడు ముందుగా తెలుసుకోవలసింది యంత్రం సంగతి. ఆ రోజుల్లో కెమెరా చేతి పిడితో తిరిగేది. సెకనుకు రెండు చుట్లు తిప్పితే పదహారు ఫ్రేములు, అంటే ఒక అడుగు ఫిల్ము, నడిచేది. తిప్పే చెయ్యి ఒకే వేగంతో ఉండాలి. మంచుదేశంలో నూనె చిక్కబడి యంత్రం బిగుసుకుంటుంది, చేతి తొడుగు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి, తీయకపోతే సన్నని మరలు పట్టుబడవు. ఒకసారి పాంటింగ్ నాలుక కెమెరా లోహానికి తగిలి అతుక్కుపోయింది. బయటి చలిలోంచి కెమెరాను వెచ్చని గదిలోకి తెస్తే అద్దాల మీదా లోపలి భాగాల మీదా తేమ పడుతుంది కాబట్టి దాన్ని బయటే వదిలేసేవాడు. నీ వ్యాసంలో మనుషులు తడబడుతూ పరుగెత్తినట్టు నడుస్తున్నారని ఒక వాక్యం ఉంది. పదహారు ఫ్రేముల వేగంతో తీసినదాన్ని ఇరవై నాలుగు ఫ్రేముల వేగంతో ఆడిస్తే ఎవరైనా అలాగే నడుస్తారు. నువ్వు చూసిన ఫిల్ము ప్రతిని ఏ వేగంతో ఆడించారో తెలుసుకోకుండా మనుషుల నడక మీద వ్యాఖ్యానం చెయ్యకు.

ఓడ ముందుభాగం మంచును చీల్చే దృశ్యాన్ని నువ్వు బాగా పట్టుకున్నావు, కానీ రెండు వాక్యాలతో వదిలేశావు. అక్కడ ఒక పేజీ రాయవచ్చు. స్కాట్ బృందం ఎక్కిన టెర్రా నోవా ఓడ తేలే మంచుపలకల గుండా వెళుతుండగా, ఓడ పక్క నుంచి బయటికి పలకలు చాపించి, వాటి చివర కెమెరా కట్టించి, తానూ అక్కడే వేలాడుతూ పాంటింగ్ పిడి తిప్పాడు. ఓడ మంచును ఢీకొన్న ప్రతిసారీ ఆ పలకలు ఎలా అదిరి ఉంటాయో ఊహించు. కిందికి చూస్తే నల్లటి నీళ్లు, తెల్లటి పగులు, ఆ పగులు ముందుకు పాకడం. కెమెరా ఎక్కడ నిలబడిందో తెలిశాక ఆ దృశ్యం ఇంకొక రకంగా కనిపిస్తుంది. ఇందులో నటన లేదు, చేసి చూపించడం లేదు. గుడారం దృశ్యానికీ దీనికీ ఉన్న తేడా పాఠకుడికి నువ్వే చెప్పాలి, చిత్రం చెప్పదు.

కెమెరా వెళ్లలేని చోట్ల జాబితా కూడా నీ దగ్గర ఉండాలి. 1911 జూన్ 27న విల్సన్, బోవర్స్, చెర్రీ గారార్డ్ అనే ముగ్గురు ఎంపరర్ పెంగ్విన్ల గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. సూర్యుడు నెలల తరబడి ఉదయించని ధ్రువ శీతకాలమది. ఆ చీకట్లో అప్పటి ఫిల్ముకు ఏమీ కనబడదు. ఆ అయిదు వారాల నరకంలో కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. ఆగస్టు 1న తిరిగొచ్చిన ముగ్గురూ బల్ల దగ్గర కూర్చుని ఉండగా పాంటింగ్ తీసిన ఛాయాచిత్రం మాత్రం ఉంది. ఆ కళ్లు చూడు. ధ్రువం దగ్గరా అంతే, సినిమా కెమెరా లేదు. బోవర్స్‌కు పాంటింగ్ ఛాయాచిత్రణం నేర్పి పంపాడు. 1912 జనవరిలో ఐదుగురూ నిలబడి, కూర్చుని ఉండగా బోవర్స్ దారం లాగి తీసిన ఫొటో ఆ ఏడాది నవంబరులో మృతదేహాలతో పాటు గుడారంలో దొరికింది. వాళ్ల కంటే నెల ముందే ధ్రువం చేరిన నార్వే యాత్రికుడు అముండ్సెన్ బృందంలో కూడా ప్రెస్ట్రుడ్ కొంత ఫిల్ము తీశాడు గాని అతను ధ్రువానికి వెళ్లిన ఐదుగురిలో లేడు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. స్కాట్ కోసం వెతకబోయిన దళం వెంట మన దేశం నుంచి పంపిన ఏడు కంచరగాడిదలున్నాయి. వాటి పేర్లు లాల్ ఖాన్, గులాబ్, బేగం, రాణీ, ఇలా సాగుతాయి. ఆ దళం కదిలేసరికి పాంటింగ్ అక్కడ లేడు. నీ వ్యాసంలో వీటికి చోటు వెతకవద్దు, తెలుగు పాఠకుడి కోసమని బలవంతంగా తెచ్చిన సంబంధంలా ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టమైన విషయానికి వస్తాను. ఇదే ఫిల్మును గోమాంట్ అనే సినిమా సంస్థ 1911లో ఒక విడత, 1912లో మరొక విడత ప్రదర్శించింది. రెండో విడతను జనం చూస్తున్నప్పటికి స్కాట్ బృందం చనిపోయి నెలలు గడిచాయి, కాని ఆ సంగతి ప్రపంచానికి 1913 ఫిబ్రవరిలో గాని తెలియలేదు. అంటే టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు బతికున్న మనుషులను చూస్తున్నామనే అనుకున్నారు, తిరిగొచ్చాక స్వాగతం పలుకుదామనే అనుకుని ఉంటారు. తర్వాత పాంటింగ్ హక్కులు కొనుక్కుని, 1914లో లండన్‌లో తానే పక్కన నిలబడి వ్యాఖ్యానం చెబుతూ చూపించాడు. 1924లో టైటిల్ కార్డులు (దృశ్యాల మధ్య తెరమీద మాటలు చూపేవి), పటాలు, నిశ్చల ఛాయాచిత్రాలు, స్కాట్ డైరీ మాటలు కలిపి నిడివి చిత్రంగా కూర్చాడు. 1933లో దానికే గొంతు జతచేసి మళ్లీ విడుదల చేశాడు. ఫ్రేములు అవే, మనుషులు అవే. వాళ్లకు ముందే మరణం అంటగట్టింది మాత్రం తర్వాత వచ్చిన అక్షరాలు. నువ్వు గుడారంలో చూసిన మృత్యుఛాయ 1924 నాటి కార్డులది. 1911 నాటి ఫ్రేములో ఉన్నది నలుగురు మిత్రులు, కొంచెం సిగ్గు, కెమెరా ముందు నవ్వు ఆపుకోవడం. నన్నడిగితే ఆ కార్డుల కంటే ఈ సిగ్గే ఎక్కువ కలచివేస్తుంది.

అందుకని ఒక పని చెయ్యి. చిత్రాన్ని ఒకసారి శబ్దం పూర్తిగా ఆపేసి, కార్డు వచ్చినప్పుడల్లా చదవకుండా దాటేసి చూడు. 2010లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించిన ప్రతికి చేర్చిన సంగీతం ఈ కాలపు సంగీతం. అది నీ చేత కొన్ని వాక్యాలు రాయించింది, అవి ఏవో నాకు కనబడుతున్నాయి. దక్షిణధ్రువపు నీలి సంధ్య అని నువ్వు మురిసిపోయిన రంగు కూడా ఫిల్మును రంగులో ముంచి అద్దినది. అద్దకం అందంగా ఉందని రాయి, ఆకాశానికి మాత్రం అంటగట్టకు.

పెంగ్విన్లు ఎక్కువయ్యాయని విసుక్కున్నావు. అవి ఆనాటి ప్రేక్షకులకు ఎంత వినోదమో పాంటింగ్‌కు తెలుసు, అందుకే వాటికి అంత చోటు. షాకిల్టన్ అంటార్కిటికా యాత్రను చిత్రించిన ఫ్రాంక్ హర్లీ విషయంలో ఇది ఇంకా బట్టబయలుగా కనిపిస్తుంది. 1915లో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్‌ను మంచు నలిపేశాక, హర్లీ ఓడలోని గడ్డకట్టే నీళ్లలోకి దిగి నెగిటివ్‌ల డబ్బాలు పైకి తెచ్చాడు. బరువు మోయలేమని షాకిల్టనూ తానూ కూర్చుని సుమారు 120 గాజు నెగిటివ్ ప్లేట్లు ఏరి, 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టారు, వెనక్కి మనసు మళ్లకుండా. అక్కడితో సినిమా కెమెరా కథ ముగిసింది. ఎలిఫెంట్ ద్వీపంలో సహాయం కోసం ఎదురుచూపులూ, ఆ సహాయం తేవడానికి చిన్న పడవలో దక్షిణ జార్జియా ద్వీపానికి సాగిన సాహసమూ ఫిల్ములో లేవు. ఆ లోటు పూడ్చడానికి 1917లో హర్లీ దక్షిణ జార్జియాకు తిరిగి వెళ్లి జంతువులను ఫిల్ము మీదికి ఎక్కించుకొచ్చాడు. 1919 నాటి చిత్రం చివరిభాగం వాటితో నిండింది. పడవ బయలుదేరుతున్న ఛాయాచిత్రాన్నే దిద్ది, రక్షించడానికి వచ్చిన రోజు చిత్రంగా కూడా చూపించాడు. దీన్ని మోసమని తేల్చేసి ఊరుకునే వ్యాసాలు చాలా వచ్చాయి, నీకు ఆ తొందర వద్దు. ప్రాణాలకు తెగించి నెగిటివ్‌లు కాపాడినవాడే వాటిని దిద్దాడు. ఆ రెండు పనులనూ ఒకే మనిషి చేతులు చేశాయని రాయగలిగితే రాయి.

తిరగరాసేటప్పుడు గుడారం దృశ్యానికి సంవత్సరం, స్థలం పెట్టు. ఓడ దృశ్యాన్ని పెంచు. పెంగ్విన్లను ఉంచు, విసుగు మాత్రం తీసెయ్. హర్లీని ఈ వ్యాసంలోకి లాగవద్దు, అతని మీద విడిగా రాయవచ్చు, దానికి నేను చూసిన వివరాలన్నీ ఇస్తాను. కొత్త ప్రతితో పాటు పాత ప్రతిని కూడా జతచేసి పంపు, పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి