హారిస్ పార్క్‌లో రైలు దిగి తూర్పుకు నడవండి

సిడ్నీకి చదువు కోసమో ఉద్యోగం కోసమో బయలుదేరుతున్న మన వాళ్లు వీసా చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది తప్పక ఉంటుంది: "హారిస్ పార్క్‌లో గది తీసుకోవచ్చా, లేక అక్కడంతా మన వాళ్లే కనుక దూరంగా ఉండమంటారా?" 2007లో నేను దిగింది అక్కడే. రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నాను. ఇప్పుడు కొన్ని స్టేషన్ల అవతల ఉంటున్నా వారం వారం సరుకులకు వెళ్లేది అక్కడికే. కనుక సూటిగానే చెబుతాను. మొదటి ఆరు నెలలకో ఏడాదికో అంతకంటే అనువైన చోటు సిడ్నీలో నాకు కనిపించదు. అయితే దాన్ని బిర్యానీ దొరికే వీధిగా మాత్రమే చూసి వెళ్లిపోవద్దని, అది ఎవరి నేలో, అక్కడికి ఎవరెవరు ఎప్పుడు వచ్చారో తెలుసుకుని ఉండమని గట్టిగా కోరతాను.

ముందు ఊరి స్వరూపం చెబుతాను. సిడ్నీ నడిబొడ్డు నుంచి పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో పారమట్టా ఉంది. దానికి దక్షిణాన ఆనుకుని ఉన్న చిన్న పేట హారిస్ పార్క్. రెండింటికీ పిన్‌కోడ్ ఒకటే, 2150. దక్షిణాన ఎం4 రహదారి, దాని అవతల గ్రాన్‌విల్, తూర్పున రోజ్‌హిల్. ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి అరగంట కూడా పట్టదు. స్టేషన్ ఉంది కానీ వేగంగా పోయే రైళ్లు అక్కడ ఆగవు. నగరంలో ఉద్యోగం చేసేవారు పదిహేను నిమిషాలు నడిచి పారమట్టాలో రైలెక్కితే అరగంటలో సెంట్రల్ స్టేషన్‌కు చేరుకుంటారు. ఇల్లు చూసేటప్పుడు ఈ నడకను కూడా లెక్కలో వేసుకోండి. వెస్ట్‌మీడ్ ఆసుపత్రుల నుంచి కార్లింగ్‌ఫర్డ్ వరకు వెళ్లే లైట్ రైలు 2024 డిసెంబరులో మొదలైంది. ఆసుపత్రుల్లో పనిచేసే మన వాళ్లకు అది చాలా ఉపయోగం. ఇక ఎండ సంగతి. సముద్రపు గాలి ఇంత లోపలికి సరిగా రాదు కనుక వేసవిలో తీరప్రాంతం కంటే ఇక్కడ వేడి చాలా ఎక్కువ. ఇంకా పడమరన ఉన్న పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల, రామగుండం ఎండలు చూసిన వాళ్లం కదా అని తేలిగ్గా తీసుకోకండి. పడమర ముఖం కిటికీలుండి ఏసీ లేని పైఅంతస్తు యూనిట్‌లో (ఫ్లాట్‌ను ఇక్కడ అలాగే అంటారు) జనవరి నెల గడపడం చాలా కష్టం.

ఇప్పుడు అందరికీ తెలిసిన విగ్రమ్ వీధికి వద్దాం. శుక్రవారం సాయంత్రం ఏడు దాటాక ఆ వీధిలో నిలబడితే పోపు వాసన, దోశ పెనం చప్పుడు, నాలుగైదు భాషల్లో పలకరింపులు ఒక్కసారిగా మీద పడతాయి. ఇక్కడి హోటళ్లలో చాలా వాటి ప్రత్యేకత ఏమిటంటే, అవి దుకాణాలుగా కట్టినవి కావు. అవన్నీ ఒకప్పుడు శ్రామిక కుటుంబాలు కాపురమున్న చిన్న ఇళ్లు. రేకుల పైకప్పు, ముందు వరండా, పక్కగా పొగగొట్టం అలాగే ఉన్నాయి. వరండాలో వేసిన బల్ల దగ్గర కూర్చుని మీరు తినే ఇడ్లీ, వందేళ్ల కిందట ఎవరో సాయంత్రం పూట కుర్చీ వేసుకుని కూర్చున్న చోట తింటున్నారన్నమాట. నేను ఎప్పుడూ వెళ్లే ఒక మిఠాయి కొట్టులో గల్లాపెట్టె వెనుక పాత ఇంటి చలిమంట గూడు ఇంకా ఉంది. దాన్ని మూసేయకుండా అందులో వినాయకుడి బొమ్మ పెట్టుకున్నారు. ఆ కొట్టుకు వెళ్లిన ప్రతిసారీ నా చూపు ముందు అటే పోతుంది.

చాలామంది నడక ఈ వీధితోనే ఆగిపోతుంది. మీరు మాత్రం ఒక ఆదివారం పొద్దున తూర్పు వైపు ఇంకో పది నిమిషాలు నడవండి. అక్కడ ఆస్ట్రేలియా వ్యవసాయ చరిత్ర మొదటి పుటలు కనిపిస్తాయి.

ఈ నేల దారుగ్ ప్రజల్లోని బర్రమట్టగల్ వంశం వారిది. పారమట్టా అనే మాట వారిదే. పాముచేపలు ఉండే చోటు అని దాని అర్థం చెబుతారు. అందుకే ఇక్కడి రగ్బీ జట్టు పేరు కూడా ఈల్స్. 1788 జనవరిలో ఖైదీలను వెంటబెట్టుకుని సిడ్నీ కోవ్‌లో దిగిన బ్రిటిష్ వారికి అక్కడి ఇసుక నేలలో పంట సరిగా రాలేదు. తిండిగింజల కోసం నది వెంట పైకి వెతుక్కుంటూ వచ్చి, అదే ఏడాది నవంబరులో ఇక్కడ స్థావరం ఏర్పాటు చేసుకున్నారు. మరుసటి ఏడాది గవర్నర్ ఫిలిప్, శిక్షాకాలం ముగిసిందని చెప్పుకున్న జేమ్స్ రూస్ అనే ఖైదీకి ఇక్కడ కొంత భూమి, విత్తనాలు ఇచ్చి, తన కష్టంతో తన కుటుంబాన్ని పోషించుకోగలడేమో చూశాడు. అందుకే ఆ పొలానికి ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ అని పేరు. రూస్ దగ్గర నాగలి లేదు, ఎరువుకు పశువులు లేవు. కూలిన చెట్లను కాల్చి, ఆ బూడిదను మట్టిలో కలిపి, గడ్డిని లోపలికి తిరగేసి, నేలను ఎండకూ గాలికీ వదిలి, విత్తే ముందు మళ్లీ గుల్ల చేశానని అతను చెప్పిన మాటలను అప్పటి సైనికాధికారి ఒకరు రాసి పెట్టారు. వేసవి దుక్కి విలువ తెలిసిన మన రైతులకు ఈ పద్ధతిని విడమరిచి చెప్పనక్కర లేదు. అతను నెగ్గాడు, 30 ఎకరాలకు హక్కు పొందాడు. ఈ వలస రాజ్యంలో ఒక ఖైదీకి దక్కిన మొదటి భూమి అదే.

1793లో రూస్ ఆ పొలాన్ని 40 పౌండ్లకు సైనిక వైద్యుడు జాన్ హారిస్‌కు అమ్మాడు. ఈ పేట పేరు ఆ హారిస్ నుంచే వచ్చింది. ఆయన ఇక్కడికి రాకముందు నౌకాదళ వైద్యుడిగా చాలాకాలం భారతదేశంలోనే పనిచేశారు. 1830ల్లో ఆయన కట్టించిన ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజీ ఇప్పటికీ రూస్ వీధిలో ఉంది; నేషనల్ ట్రస్ట్ దాన్ని చూసుకుంటోంది. తక్కువ ఎత్తు, చుట్టూ వరండా, వరండా మీదికి వాలిన కప్పు చూస్తే మన జిల్లాల్లోని పాత ట్రావెలర్స్ బంగళా గుర్తుకు రాక మానదు. మన దేశంలోని తెల్లదొరల బంగళాల పోలికే అది.

అక్కడి నుంచి ఆలిస్ వీధి దారి పట్టి రోజ్‌హిల్ వైపు వెళితే ఎలిజబెత్ ఫామ్ వస్తుంది. జాన్ మెకార్థర్, ఎలిజబెత్ దంపతుల కోసం 1793లో మొదలైన ఆ ఇంట్లోనే ఆస్ట్రేలియాలో యూరోపియన్లు కట్టిన కట్టడాల్లో నేటికీ నిలిచిన అతి పాత భాగం ఉంది. ఈ దేశపు ఉన్ని వ్యాపారానికి పునాది వేసినవారిగా వీరిని చెబుతారు. కానీ మెకార్థర్ మందలో మొదట చేరినవి కలకత్తా నుంచి వచ్చిన బెంగాల్ గొర్రెలని చాలామందికి తెలియదు. ఆ మ్యూజియంలో తాళ్లు కట్టి దూరంగా ఉంచరు. కుర్చీలో కూర్చోవచ్చు, సొరుగు లాగి చూడవచ్చు, వంటింట్లో గిన్నెలు పట్టుకోవచ్చు. పిల్లలున్న వారు తప్పక వెళ్లాల్సిన చోటు.

ఈ కథకు మరో ముఖం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. రూస్‌కు ఇచ్చిన 30 ఎకరాలు ఖాళీ నేల కాదు. 1789లో మశూచి వచ్చి ఇక్కడి మూలవాసుల్లో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మిగిలినవారి వేట, చేపల చోట్లు ఒక్కొక్కటిగా పొలాలైపోయాయి. బిజిగల్ అనే మూలవాసుల వంశానికి చెందిన వీరుడు పెముల్వాయ్ 1797లో సుమారు వందమందితో పారమట్టా మీదికి వచ్చి సైన్యంతో తలపడి, తుపాకి గుళ్లు తగిలి పట్టుబడినా తప్పించుకున్నాడు. మన అల్లూరి సీతారామరాజు కథ వింటూ పెరిగిన వారికి ఈ పోరాటం వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ సభల ఆరంభంలో ఈ నేల మూలవాసులను స్మరిస్తూ రెండు మాటలు చెబుతారు. కొత్తలో అదొక లాంఛనమనిపిస్తుంది. ఆ మాటలు వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినండి.

మనకంటే ముందు ఇక్కడ స్థిరపడిన వారిలో లెబనాన్ వారు ముఖ్యులు. 1975లో అక్కడ అంతర్యుద్ధం మొదలయ్యాక ఎన్నో మరోనైట్ క్రైస్తవ కుటుంబాలు ఈ చుట్టుపక్కలకు వచ్చాయి. ఆలిస్ వీధిలోని అవర్ లేడీ ఆఫ్ లెబనాన్ చర్చి వారి జీవితానికి కేంద్రం. ఎలిజబెత్ ఫామ్ కూడా అదే వీధిలో ఉండటం నాకు ఎప్పుడూ బాగుంటుంది. తర్వాత 2000ల్లో మన విద్యార్థుల రాక పెరిగింది. స్టేషన్ దగ్గరి మూడంతస్తుల ఎర్ర ఇటుకల యూనిట్లలో అద్దెలు అప్పట్లో తక్కువ. 2009 జూన్‌లో భారతీయ విద్యార్థులపై జరిగిన దాడులకు నిరసనగా మన పిల్లలు రాత్రిళ్లు ఈ వీధుల్లోనే గుమిగూడారు. నేను అక్కడే ఉన్నాను. ఒక వర్గం మరో వర్గాన్ని అనుమానంగా చూసిన రోజులవి. అప్పుడు మా కింది యూనిట్‌లోని లెబనీస్ పెద్దావిడ పళ్లెంలో తినుబండారాలు తెచ్చి, "రాత్రి ఆలస్యమైతే మా తలుపు కొట్టు నాయనా" అన్న మాట నేను మరచిపోలేదు. 2023 మేలో మన ప్రధాని సిడ్నీ వచ్చినప్పుడు ఇక్కడి లిటిల్ ఇండియా ద్వారానికి శంకుస్థాపన ఫలకం ఆవిష్కరించారు. సంతోషమే. కానీ ఆ పెద్దావిడకు కూడా ఇది సొంత ఊరేనన్న ఎరుకతో మనం ఆ ద్వారం కింద నడవాలి.

ఇల్లు తీసుకునే విషయంలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నేను మొదటి గదికి నాలుగు వారాల అద్దె బాండ్‌గా, అంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగి రావాల్సిన డిపాజిట్‌గా, ఒక తోటి భారతీయుడి చేతికి నగదుగా ఇచ్చాను. రశీదు అడగడానికి మొహమాటపడ్డాను. ఖాళీ చేసే రోజున అతను ఫోన్ ఎత్తలేదు. ఇక్కడి నిబంధన ప్రకారం బాండ్ నాలుగు వారాల అద్దెకు మించకూడదు, అది ఇంటివాళ్ల జేబులో కాకుండా రాష్ట్ర ఫెయిర్ ట్రేడింగ్ శాఖలో జమ కావాలి. ముందస్తు అద్దె రెండు వారాలకు మించి తప్పనిసరి చేయకూడదు. ఇంటి స్థితి నివేదికను ఏడు రోజుల్లో నింపి ఇవ్వాలి. గోడ మీద మరకను కూడా ఫోటో తీసి అందులో రాయండి. షేరింగ్‌లో చేరేవారు అసలు అద్దెదారుతో తప్పనిసరిగా రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. అది లేకపోతే అద్దెదారులకు ఉన్న చట్టరక్షణ మీకు వర్తించకపోవచ్చు. "మన వాడే కదా" అన్న మాట రాతకు బదులు కాదు.

పండుగల ఆనందం ఇక్కడ తక్కువేమీ కాదు, ఋతువులు మాత్రం తలకిందులు. సంక్రాంతి నడివేసవిలో, ఉగాది శరదృతువులో, బతుకమ్మ వసంతంలో వస్తాయి. తంగేడు పూలు దొరకవు. మన ఆడపడుచులు చామంతి, బంతి, తోటల్లో పూచిన పూలతోనే పేరుస్తారు. దీపావళికి దీపాలు ఎన్నైనా పెట్టుకోండి. బాణసంచా మాత్రం లైసెన్సు లేనివారు కాల్చడం ఈ రాష్ట్రంలో నేరం. ఆ రోజు విగ్రమ్ వీధి చుట్టుపక్కల కారు పెట్టడానికి చోటుండదు. పక్క ఇంటి దారికి అడ్డంగా నిలిపి "ఐదు నిమిషాలే" అనవద్దు. అక్కడ నిత్యం ఉండేవారికి ఆ ఐదు నిమిషాలు రాత్రంతా సాగుతాయి. వేంకటేశ్వరస్వామి దర్శనానికి హెలెన్స్‌బర్గ్ వెళ్లాలి, కారులో గంట ప్రయాణం. దగ్గరలో కావాలంటే మేస్ హిల్‌లో మురుగన్ ఆలయం ఉంది.

తల్లిదండ్రులు మిమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు ఒపేరా హౌస్‌తో పాటు ఎక్స్‌పెరిమెంట్ ఫామ్‌కు కూడా తీసుకెళ్లండి, ఏయే రోజుల్లో తెరుస్తారో ముందుగా చూసుకుని. జీవితమంతా మిరప పండించిన మా నాన్నగారు ఆ వరండా ముందు చాలాసేపు నిలబడ్డారు. రూస్ కథ చెప్పాను. అంతా విని, "మరి నీళ్లెక్కడివి?" అన్నారు. క్లే క్లిఫ్ వాగు వైపు తీసుకెళ్లి చూపించాను. ఇప్పుడది చాలా మేర సిమెంటు కాలువ. ఆయన గట్టు మీద వంగి, సన్నగా పారుతున్న నీటిని చూసి, అది నదిలో ఎక్కడ కలుస్తుందో చూపించమన్నారు. ఆ మధ్యాహ్నం ఇద్దరం వీధుల వెంట ఆ వాగు పోయే దిక్కుగా పారమట్టా నది వరకు నడిచాం.