హైదరాబాద్‌లో సర్కారు బస్సులు మొదట నడిపింది ఎవరు? మా తాత చెప్పిన జవాబు

"హైదరాబాద్‌లో సర్కారు బస్సులు ఎప్పుడు మొదలయ్యాయి, మొదట్లో ఎవరు నడిపేవారు?" అని అడిగారు. చాలామంది ఆర్టీసీ అని, 1958 అని చెప్పేస్తారు. ఆ ఏడాది జనవరి 11న ఏర్పడింది ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ. బస్సులు మాత్రం 1932 జూన్ 15నే రోడ్డెక్కాయి, 27 బండ్లు, 166 మంది సిబ్బందితో. నడిపింది రైల్వే. నిజాం స్టేట్ రైల్వేలోనే రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ (ఆర్‌టీడీ) అని ఒక విభాగం ఉండేది.

మా తాత 1937లో అందులో కండక్టరుగా చేరాడు. బతికినన్నాళ్ళూ ఎవరడిగినా "నేను రైల్వోణ్ణి" అనేవాడు. బస్సులో టికెట్లు కొట్టిన మనిషి రైల్వోడెట్లా అవుతాడని చిన్నప్పుడు నాకు పెద్ద అనుమానం.

అది తీరింది 1981 ఎండాకాలంలో. నాకు తొమ్మిదేళ్ళు. అఫ్జల్‌గంజ్ పోవాలని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర డబుల్ డెక్కర్ ఎక్కాం. పైఅంతస్తులో ముందు సీటు దొరికింది. ట్యాంక్‌బండ్ మీద ఆ కిటికీలోంచి నీళ్ళు చూడాలని నా ఆరాటం. బస్సు స్టార్ట్ అయింది. అదే టైముకి కాజీపేట వైపు నుంచి ప్యాసింజర్ వచ్చినట్టుంది, మూటలు నెత్తిన పెట్టుకుని జనం గేటులోంచి బయటికి వస్తున్నారు. తాత పైనుంచి చూసి గబగబా మెట్లు దిగాడు. నేనూ వెనకే దిగాను.

"బిడ్డా, బండి ఇప్పుడే వచ్చింది. వాళ్ళను ఇడిసిపెట్టి పోతవా?" అన్నాడు కండక్టర్‌తో. ఆ కుర్రాడికి ముందు అర్థం కాలేదు. "నేను ఆర్‌టీడీలో చేసినోణ్ణి" అన్నాక బెల్ తాడు వదిలేశాడు. నాలుగైదు నిమిషాలు ఆగాం. బియ్యం మూటతో ఒక ముసలమ్మ, చంకలో పిల్లతో ఒకామె, ఇంకో పదిమంది ఎక్కారు. ఈలోగా మా ముందు సీటు పోయింది. నేను ఏడుపుమొహం పెడితే తాత, "రైలు దిగినోణ్ణి ఇంటిదాక చేర్చనీకే మమ్మల్ని పెట్టిండ్రురా. రైలూ మాదే, బస్సూ మాదే" అన్నాడు.

మీ ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. అప్పట్లో రైలుకీ బస్సుకీ ఒకే యజమాని. ఒకదానితో ఒకటి పోటీ పడకుండా, ఒకటి ఆగిన చోట రెండోది అందుకోవాలన్నది అసలు ఆలోచన. తర్వాత రైల్వే కేంద్రం కిందికి పోయింది, 1951లో బస్సులు హైదరాబాద్ రాష్ట్రం కిందికి పోయాయి. మన నగరానికి జరిగిన నష్టాల్లో నా లెక్కలో అదే పెద్దది. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది, 2017లో మెట్రో వచ్చింది. ఎవరి దారి వాళ్ళదే. మొన్న రాత్రి లోకల్ రైలు దిగి, సూట్‌కేసు లాక్కుంటూ బస్టాప్ దాకా పావుగంట నడిచాను. నా కళ్ళ ముందే బస్సు వెళ్ళిపోయింది. తర్వాత ఆటో అతను అడిగిన రేటు చెబితే మీకూ కోపం వస్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. గౌలిగూడలో పెద్ద రేకుల షెడ్డు ఉండేది, సీబీఎస్ (సెంట్రల్ బస్ స్టేషన్) అనేవాళ్ళం. అది విమానాల కోసం కట్టిన మిసిసిపి హ్యాంగర్. తర్వాత బస్టాండ్ అయింది. 1994లో జిల్లా బస్సులు ఇమ్లీబన్ కొత్త బస్టాండ్‌కి వెళ్ళిపోయాక సిటీ బస్సులకు మిగిలింది. 2018 జూలై 5న కూలిపోయింది. అంతకు ముందే ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. అలాంటి కట్టడాన్ని అన్నేళ్ళు తుప్పుకి వదిలేస్తే ఏమవుతుంది మరి? చార్మినార్‌ని చూసినట్టే దాన్నీ చూసుకుని ఉండాల్సింది.

బస్సు నంబర్ ప్లేట్ మీద జెడ్ ఎందుకుంటుందని కూడా ఎవరో అడిగారు. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని తాత చెప్పేవాడు, డిపోల్లో ఇప్పటికీ అదే చెప్పుకుంటారు.

ఆనాటి బండి ఎలా ఉండేదో చూడాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర బస్ భవన్‌కి వెళ్ళండి. 1932 నాటి ఆల్బియన్ బస్సు, స్కాట్లాండ్‌లో తయారైంది, డెక్కన్ క్వీన్ అంటారు, అక్కడ నిలబెట్టి ఉంది. మా మనవరాలిని తీసుకెళ్ళి చూపించాను. "రైల్వోళ్ళ బస్సు" అనే పరిచయం చేశాను.