వెల్డింగ్ బూట్లకు ఏ తోలు, ఏ లేసు?

ప్రశ్న: చెన్నై అంబత్తూరులో వెల్డర్‌ని. రెడీమేడ్ బూట్లు ఆరు నెలలకే వేళ్లు వంగే చోట పగిలిపోతున్నాయి, లేసులు తెగిపోతున్నాయి. పెరియమేట్‌లో తోలు కొని కుట్టించుకుందామనుకుంటున్నాను. ఏం అడగాలి?

జవాబు: మీ బూట్లు స్ప్లిట్ తోలువై ఉండొచ్చు. అంటే చర్మం అడుగు పొర మీద ప్లాస్టిక్ పూత వేసినవి, వంగిన చోట ఆ పూతే ముందు పగులుతుంది. ఫుల్ గ్రెయిన్, అంటే చర్మం పై పొర గీకకుండా అలాగే ఉంచిన తోలు అడగండి, 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మందం, గేదె తోలైనా బాగుంటుంది. కోసిన అంచును వెలుతురులో చూడండి. పైన పోగులు దట్టంగా, కిందికి వచ్చేకొద్దీ వదులుగా ఉండాలి, పైన విడిగా లేచే పల్చటి పొర కనిపిస్తే వదిలేయండి. క్రోమ్ టానింగ్ చేసిందే, అంటే క్రోమియం లవణాలతో పదును చేసిందే తీసుకోండి, వెజిటబుల్ టానింగ్ తోలు, అంటే చెట్ల బెరడు లాంటి వాటితో పదును చేసింది, వేడికి త్వరగా ముడుచుకుపోతుంది. మెత్తబడుతుందని నూనె పట్టించే అలవాటుంటే మానేయండి, నిప్పురవ్వల దగ్గర అది ప్రమాదం.

నైలాన్ లేసు రవ్వ పడితే కరిగిపోతుంది, కాటన్ కాలిపోతుంది. కెవ్లార్ అనే వేడిని తట్టుకునే గట్టి పోగుతో చేసిన లేసులు ఖరీదైనా మీ పనికి అవే సరి. కొత్త లేసు వేసేముందు కన్నాల రింగుల్లో వేలు తిప్పి చూడండి, అంచు గీరుకుంటే ఏ లేసైనా అక్కడే తెగుతుంది. లేసుల మీద తోలు ఫ్లాప్ తప్పకుండా కుట్టించండి, రవ్వలు లోపలికి జారవు. ముందు భాగంలో 200 జౌల్‌ల (శక్తి కొలత) దెబ్బ తట్టుకునే స్టీల్ టోపీ పెట్టించడం మాత్రం మరిచిపోకండి.