పగిలిన ఛాసిస్‌కు అతుకు ప్లేటు: ఎంత మందం, ఎక్కడి వరకు?

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. 1999 నాటి మారుతి జిప్సీని సెకండ్ హ్యాండ్‌లో కొని, 31 అంగుళాల మడ్ టైర్లు వేయించి, సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి కోలారు, చిక్కబళ్లాపురం వైపు గుట్టల్లో తిప్పుతుంటాను. ఈ మధ్య స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందు వైపు టక్కుమని చప్పుడు వస్తుంటే విప్పి చూశాం. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట ఛాసిస్ మీద రెండంగుళాల పగులు కనిపించింది. ఆరు మిల్లీమీటర్ల ప్లేటు పెట్టి చుట్టూ వెల్డింగ్ కొట్టేస్తే జన్మలో పగలదని వెల్డింగ్ మేస్త్రి అంటున్నాడు. ఛాసిస్‌కు వెల్డింగ్ తగలనివ్వకూడదని, బోల్టులతోనే ప్లేటు బిగించాలని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆరు మిల్లీమీటర్ల ప్లేటుకు మాత్రం ఒప్పుకోకండి. జిప్సీ ఛాసిస్ పలుచని ఉక్కు రేకుతో చేసిన పెట్టె ఆకారపు గొట్టం. బండి రాళ్ల మీద ఎక్కి దిగుతున్నప్పుడు అది కొద్దిగా వంగుతూ, కొద్దిగా మెలిపడుతూ ఉండాలి. మందపాటి ప్లేటు వేసిన భాగం వంగనని మొరాయిస్తే, ఆ వంపంతా ప్లేటు అంచు పక్కనున్న పలుచని రేకు మీద పడుతుంది. పాత పంచెకు మందపాటి మాసిక వేస్తే మాసిక చెక్కుచెదరదు, దాని పక్కన గుడ్డ చిరుగుతుంది. ‘జన్మలో పగలదు’ అని మేస్త్రి అన్నది ప్లేటు గురించైతే నిజమే కావచ్చు గానీ, పగలకూడనిది ఛాసిస్ కదా. బోల్టు రంధ్రం అంచు దగ్గర వెర్నియర్‌తో రేకు మందం కొలిపించి, దానికి సమానమైన లేదా కొంచెం ఎక్కువ మందం గల మెత్తని ఉక్కు (మైల్డ్ స్టీల్) ప్లేటు తీసుకోండి. మీ బండికి 3 మిల్లీమీటర్లు దాటవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

మీ మిత్రుని మాట లారీల నుంచి వచ్చింది. కొన్ని భారీ లారీల ఛాసిస్ పట్టీలు వేడిచేసి గట్టిపరచిన ఉక్కుతో తయారవుతాయి. వెల్డింగ్ వేడికి ఆ గట్టితనం పోతుంది కనుక, కంపెనీలే వాటిని వెల్డింగ్ చేయవద్దంటాయి. జిప్సీ ఉక్కు ఆ రకం కాదు. పైగా పెట్టె గొట్టానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు బోల్టు వేసి గట్టిగా బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది, వదులైన స్టీరింగ్ బాక్సు ప్రతి మలుపులోనూ ఊగుతూ రేకును అలసట పాలు చేస్తుంది. మీరు విన్న టక్కు శబ్దం అదే కావచ్చు. కనుక ప్లేటు కంటే ముందు చూడవలసింది ఆ బోల్టు రంధ్రాల లోపల రెండు గోడల మధ్య ఆనే పైపు ముక్క, అంటే స్లీవు, ఉన్నదా, దెబ్బతిన్నదా అన్నది. లేకపోతే మందపాటి గొట్టం ముక్కను సరిగ్గా ఛాసిస్ వెడల్పుకు కోయించి, రెండు వైపులా గోడకు వెల్డింగ్ చేయించాలి. ఈ ఒక్క పని వదిలేసి ఎన్ని ప్లేట్లు వేసినా వృథా.

ఇక పగులు సంగతి. అది కంటికి కనిపించినంత వరకే ఉందనుకోవద్దు. స్టీరింగ్ బాక్సు విప్పేసి, రంగునూ తుప్పునూ వైరు బ్రష్‌తో శుభ్రం చేయించండి. మొదటే గ్రైండరు గట్టిగా పెడితే పైలోహం పరుచుకుని పగులు నోరు మూసుకుపోతుంది. ఆ తర్వాత డై పెనెట్రెంట్ పరీక్ష చేయించాలి. వెల్డింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దీనికి మూడు స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. ఎర్ర ద్రవం కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగి, క్లీనరుతో తడిపిన గుడ్డతో తుడిచేసి, తెల్లటి డెవలపర్ కొట్టాలి. మొదట తెలుపు తప్ప ఏమీ ఉండదు. చూస్తూ ఉండగానే వెంట్రుకంత ఎర్రటి గీత పైకి తేలుతుంది. నేను చూసిన ఒక జీపులో అంగుళం పగులు అనుకున్నది వాషరు కిందుగా సాగి రెండో బోల్టు రంధ్రాన్ని అందుకుంది. ఆ గీత అసలు కొసన 3 నుంచి 5 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు ముందుకు సాగదు. తర్వాత పగులు పొడవునా వి ఆకారపు గాడి తీసి, అడుగు దాకా వెల్డింగ్ నింపి, గ్రైండింగ్‌తో సమం చేయాలి. ప్లేటు వచ్చేది దీని మీద. పగులును అలాగే ఉంచి పైన ప్లేటు కప్పడం పుండు మానకుండా కట్టు కట్టడమే.

ప్లేటు ఆకారం గురించి కొంత పట్టుదలగా చెబుతాను, ఎందుకంటే తర్వాతి పగులు ఎక్కడ వస్తుందో నిర్ణయించేది అదే. ఛాసిస్ వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేది పై అంచు, కింది అంచుల మీద. నిలువు గోడ మధ్యభాగం మీద తక్కువ. అందుచేత ప్లేటు నిలువు గోడ మీదనే ఉండాలి, పై మడతకూ కింది మడతకూ కనీసం వేలి వెడల్పు దూరంలో ఆగాలి. నలుచదరపు ప్లేటు వేస్తే దాని చివర వెల్డింగ్ ఛాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలా పడుతుంది; రేకు సరిగ్గా ఆ గీత వెంట చీలుతుంది. చివరలను చేప మూతిలా పొడుగ్గా ఏటవాలుగా కోసి, మూలలను గుండ్రం చేస్తే బలం ఒక్కసారిగా మారకుండా మెల్లగా మారుతుంది. ప్లేటు మధ్యలో 10, 12 మిల్లీమీటర్ల రంధ్రాలు కొన్ని వేసి, వాటిలోనూ వెల్డింగ్ నింపితే గోడ, ప్లేటు కలిసి పని చేస్తాయి. అట్టముక్క మీద నమూనా గీసుకుని మీ ఊరి పీణ్య పారిశ్రామికవాడలో లేజర్ కటింగ్ చేసేవారికి ఇస్తే అంచులు శుభ్రంగా వస్తాయి.

ఇంత పలుచని రేకుకు మిగ్ వెల్డింగ్, అంటే రాడ్డుకు బదులు తీగ దానంతటదే వచ్చే పద్ధతి, మేలు; 0.8 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది. రాడ్డుతోనే చేస్తానని మేస్త్రి అంటే 2.5 మిల్లీమీటర్ల 7018 రాడ్డు వాడమనండి, అదీ అప్పుడే సీలు తీసిన పెట్టెలోది. షెడ్డులో తెరిచి పడేసిన ఆ రాడ్డు వానాకాలపు చెమ్మను పీల్చుకుంటుంది, ఆ చెమ్మలోని హైడ్రోజన్ వెల్డింగ్‌లోకి చేరి తర్వాత సన్నని నెర్రెలకు దారితీస్తుంది. చుట్టూ ఏకబిగిన కొట్టకుండా, అంగుళం ఇక్కడ, అంగుళం ఎదుటి వైపు వేస్తూ మధ్యలో చల్లారనివ్వాలి. ప్లేటు మొనల దగ్గర వెల్డింగ్ మొదలుపెట్టకూడదు, ఆపకూడదు. నీళ్లు చల్లి చల్లార్చడం అసలే పనికిరాదు. పని అయ్యాక వెల్డింగ్ అంచు వెంట గోరు పెట్టి లాగండి. గోరు దిగేంత గాడి తగిలితే అది అండర్‌కట్, మళ్లీ నింపి సరిచేయించవలసిందే.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ విప్పాలి. ఛాసిస్ వెంట పోయే పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం, వైర్లు పక్కకు తప్పించాలి. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటికి జానెడు దూరంలోనే పెట్టించండి. ఎక్కడో బంపరుకు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి గోళీల మీద మచ్చలు పెడుతుంది. ఛాసిస్‌ను సమానంగా స్టాండ్ల మీద నిలిపి, ముందూ వెనుకా ఐమూల కొలతలు రాసుకుని, పని తర్వాత మళ్లీ కొలవండి. చివరగా ప్రైమరు, రంగు. లోపలి వైపు రంగు కాలిపోయి ఉంటుంది కనుక ఛాసిస్ రంధ్రాల గుండా తుప్పు పట్టకుండా వాక్స్ కొట్టించండి. నీరు కారే రంధ్రాలను ప్లేటుతో మూయవద్దు.

ఛాసిస్ నంబరు మీదికి ప్లేటు, గ్రైండరు, రంగు ఏదీ రాకూడదు. మీ బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి; ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు ఆ నంబరు చూస్తారు. పగిలిన చోట మరమ్మతు వేరు, కంపెనీ నిర్దేశాలను మార్చడం వేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రెండో దానిని నిషేధిస్తుంది. 2019 సవరణ ప్రకారం అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి రూ. 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. మరమ్మతు బిల్లు, ముందూ తర్వాతా తీసిన ఫొటోలు దాచుకోండి.

ఆ 31 అంగుళాల టైర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న పెద్ద టైరును నిలబడిన బండిలో బలవంతంగా తిప్పినప్పుడు, ఆ బలమంతా స్టీరింగ్ బాక్సు బోల్టుల మీదే పడుతుంది. టైర్లు తగ్గించమంటే మీరు వినరని తెలుసు; కనీసం బండిని అంగుళం కదిలించి స్టీరింగు తిప్పండి.

ప్రశ్న: గత ఏడాది కొత్త థార్ కొన్నాను. పగలకముందే ఛాసిస్‌కు ప్లేట్లు వెల్డింగ్ చేయించడం మంచిదేనా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: వద్దమ్మా. వారంటీ ఉన్న ఛాసిస్‌కు వెల్డింగ్ తగిలితే ఆ తర్వాత వచ్చే ఫిర్యాదుకు కంపెనీ బాధ్యత వహించకపోవచ్చు. ఈ తరం బండ్లలో వాడే అధిక బలం గల ఉక్కు, వెల్డింగ్ పక్కన వేడెక్కిన చోట బలహీనపడే అవకాశం ఎక్కువ. ఎలక్ట్రానిక్ యూనిట్లు దెబ్బతినే ప్రమాదం మరొకటి. మీకు రాళ్ల భయం ఉంటే, కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే బోల్టులతో బిగిసే స్కిడ్ ప్లేటు (బండి అడుగుకు రాళ్లు తగలకుండా కాపాడే రేకు) వేయించుకుని, మొదటి ప్రయాణం నుంచి తిరిగి రాగానే ఆ బోల్టులను టార్కు రెంచితో (బిగువును కొలిచి చూపే పానాతో) ఒకసారి సరిచూయించండి.