ఏడాదికి పదివేల పౌండ్లు కాదన్న ఎలిజబెత్‌ది పొగరా?

జేన్ ఆస్టెన్ ఇంగ్లిష్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813)లో డార్సీ లాంటి సంబంధాన్ని ఎలిజబెత్ మొదట ఎందుకు కాదంది, తర్వాత ఎందుకు ఒప్పుకుంది అని అడిగారు.

ముందు డబ్బు లెక్క చూడాలి. డార్సీ ఆదాయం ఏడాదికి 10,000 పౌండ్లు. ఎలిజబెత్ తండ్రికి 2,000 వస్తుంది కానీ, ఐదుగురూ ఆడపిల్లలే కావడంతో ఆయన పోయాక ఆస్తంతా కాలిన్స్ అనే బంధువుకి వెళ్తుంది. ఆ కాలిన్స్‌నీ ఆమె కాదంది. 27 ఏళ్ల స్నేహితురాలు షార్లెట్ మాత్రం ఇల్లూ భద్రతా చూసుకుని అతన్నే చేసుకుంది. నాకైతే షార్లెట్‌ని తప్పుపట్టాలనిపించదు.

డార్సీ మొదటిసారి అడిగిన తీరు చూడండి: ప్రేమిస్తున్నానంటూనే, మీవాళ్లు మా అంతస్తుకి తగరని ఏకరువు పెడతాడు. పైగా ఒప్పుకుంటుందన్న ధీమా! నీ తీరు పెద్దమనిషి తీరు కాదని ఆమె అన్న మాట అతన్ని చాలాకాలం గుచ్చుతుంది. మర్నాడు అతనిచ్చిన ఉత్తరం చదివాక, డార్సీ మీద చాడీలు చెప్పిన విక్‌హామ్ అనే సైనికాధికారి తియ్యటి మాటలు నమ్మి తానూ పొరబడ్డానని ఆమె సిగ్గుపడుతుంది.

నాకు బాగా నచ్చేది డార్సీ ఎస్టేట్ పెంబర్లీలో జరిగే ఘట్టం. ఎలిజబెత్ మేనమామ గార్డినర్ లండన్‌లో వ్యాపారి. అప్పటి భూస్వాములకి వ్యాపారులంటే చిన్నచూపు. అలాంటాయనతో డార్సీ, మా ఏట్లో ఎప్పుడైనా చేపలు పట్టుకోండి, గాలాలూ నేనే ఇస్తానంటాడు. ఆ మర్యాదకే ఆమె మనసు మెత్తబడుతుంది. పెంబర్లీ తోటలు చూసి కూడా కొంత మెత్తబడిందేమో లెండి. అక్కతో ఆ మాట తనే సరదాగా అంటుంది.