గుండెనొప్పికి ఇచ్చిన బీటా బ్లాకర్ మాత్ర: బీపీ తగ్గిందని మానేయవచ్చా?

మీరు అడిగింది ఇదీ: సోంపేట దగ్గర ఊళ్లో ఉంటున్న మీ అమ్మగారికి 61 ఏళ్లు. బీపీ ఉంది. మెట్లెక్కినా, బిందె మోసినా ఛాతీ పట్టేసినట్టు ఉంటే శ్రీకాకుళంలో చూపించారు. యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) అని చెప్పి మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్ 50 అనే బీటా బ్లాకర్ మాత్ర రాశారు. రెండు నెలలు వాడేసరికి బీపీ 124/78కి వచ్చింది, ఛాతీ నొప్పి రావట్లేదు. కానీ నీరసంగా ఉంటోంది, చేతులు చల్లబడుతున్నాయి, పల్స్ 58 చూపిస్తోంది. అలవాటు పడిపోకముందే మానేయమని చుట్టాలు అంటున్నారు, మానేయవచ్చా అని.

వద్దండీ. డాక్టరు గారిని అడగకుండా ఒక్కరోజు కూడా మానిపించకండి. నేను డాక్టరును కాను. మాది నరసన్నపేట వైపు. మా నాన్న చాలా ఏళ్లుగా ఇదే జాతి మాత్ర వాడుతున్నారు, ఆయన మందుల సంగతి చూసేది నేనే. ఆ అనుభవంతోనూ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదానితోనూ చెబుతున్నాను.

మీ అమ్మగారికి ఈ మాత్ర ఇచ్చింది ఒక్క బీపీ కోసం కాదు. గుండె మీద బీటా గ్రాహకాలు అని ఉంటాయి. పరుగెత్తినా, కోపమొచ్చినా, టెన్షన్ పడినా ఒంట్లో పుట్టే అడ్రినలిన్ వాటిని పట్టుకుని గుండెను వేగంగా, గట్టిగా కొట్టిస్తుంది. ఈ మాత్ర ఆ గ్రాహకాలను అడ్డుకుంటుంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది, సన్నబడిన రక్తనాళాల్లోంచి వచ్చే కొద్దిపాటి రక్తంతోనే నొప్పి లేకుండా నెట్టుకొస్తుంది. అసలు ఈ మందులు పుట్టిందే యాంజైనా కోసం. 1960లలో బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త ప్రొప్రానలాల్ తయారుచేశారు, 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఒట్టి బీపీ ఒక్కటే ఉన్నవాళ్లకు చాలామంది డాక్టర్లు మొదట వేరే మాత్రలతో మొదలుపెడతారు. గుండె ఇబ్బంది కూడా ఉంటే దీన్ని రాస్తారు. అందుకే మీ చుట్టాలు వాడే బీపీ మాత్రతో దీన్ని పోల్చి చూడటం కుదరదు. బీపీ 124కి వచ్చిందంటే మాత్ర పని అయిపోయిందని కాదు, అది రోజూ పని చేస్తోందని.

మానేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. ఓసారి వరికోతల రోజుల్లో నాన్న పొలం దగ్గర కళ్లంలోనే ఉండిపోయారు. తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి. "ఇప్పుడేటి నొప్పి నేదు గదా, మళ్లీ ఇంటికెళ్లి తెచ్చుకోవడం ఎందుకు" అని ఊరుకున్నారట. మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు, అందువల్ల ఆయనకు ఇంకా ధైర్యం వచ్చింది. ఆ తర్వాత ఓ ఉదయం ఊరికే కూర్చున్నప్పుడే గుండె దడదడలాడటం మొదలై, ఛాతీ బిగుసుకుని, నొప్పి ఎడమ దవడ దాకా పాకింది. అంతకుముందు ఎప్పుడూ కూర్చుని ఉండగా నొప్పి రాలేదు ఆయనకి. జేబులో సార్బిట్రేట్ (గుండెనొప్పి వచ్చినప్పుడు వాడే మాత్ర) ఉంది కాబట్టి నాలుక కింద పెట్టుకున్నారు, పక్క కళ్లంవాళ్లు 108కి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఈసీజీ కాగితం చేతిలో పట్టుకునే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య ఏ మాత్రైనా మానేశారా?"

ఆ డాక్టరమ్మే విడమరిచి చెప్పారు. చాలాకాలం అడ్డుకట్ట వేసి ఉంచితే ఒళ్లు ఆ గ్రాహకాల సంఖ్య పెంచుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆగితే అడ్రినలిన్ ముందుకన్నా ఎక్కువ బలంగా తాకుతుంది. పల్స్, బీపీ పైకి లేస్తాయి, యాంజైనా ముదురుతుంది, గుండెపోటు కూడా రావచ్చు. నిజంగా ఆపాల్సి వస్తే డాక్టరే ఒకటి రెండు వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మీ చుట్టాలు అలవాటు అంటున్నది దీన్నే అయ్యుంటుంది. కానీ ఇది మత్తుమందు వ్యసనం లాంటిది కాదు, మరింత కావాలని ఒళ్లు అడగదు.

అందుకని మాత్రలు అయిపోయేదాకా ఆగకండి, కనీసం రెండు వారాలకు సరిపడా ఇంట్లో ఎప్పుడూ ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు రోడ్ల మీద పడి, కరెంటు పోయి ఎన్ని అవస్థలు పడ్డామో మీకు నేను చెప్పనక్కర్లేదు. కార్తీక సోమవారం ఉపవాసమైనా మాత్ర మానకూడదు, ఉపవాసం రోజు ఎలా వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోండి. ఎప్పుడైనా మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాటి మాత్రకు దగ్గర పడితే వదిలేయాలి, రెండూ కలిపి మాత్రం వద్దు.

ఇక పల్స్ 58 సంగతి. ఖాళీగా కూర్చున్నప్పుడు 55 నుంచి 60 మధ్య ఉండటం యాంజైనా ఉన్నవాళ్లలో డాక్టర్లు కోరుకునేదే. కాబట్టి ఆ అంకె చూసి భయపడకండి. మా డాక్టరు గారు నాన్నకి పెట్టిన హద్దు 50. అంతకన్నా తగ్గినా, కళ్లు తిరిగినా, తూలి పడిపోయేలా ఉన్నా వెంటనే ఫోన్ చేయమన్నారు. మీ అమ్మగారికి హద్దు ఎంతో మీ డాక్టరును అడిగి మందుల చీటీ మీదే రాయించుకోండి. పల్స్ చూడటం ఆవిడకే నేర్పండి. పొద్దున్నే మాత్ర వేసుకునే ముందు కాసేపు కుదురుగా కూర్చుని, బొటనవేలి మొదట్లో మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు ఆనించి నిమిషం నిండా లెక్కపెట్టాలి. మా నాన్న గోడ గడియారం ముల్లు చూస్తూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో రాస్తారు. డాక్టరు దగ్గరికి ఆ క్యాలెండరు కాగితం చింపుకునే వెళ్తాం.

నీరసం, చేతులు చల్లబడటం ఈ మందుతో ఉండేవే. నీరసం చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. రెండు నెలలైనా అలాగే ఉందంటే మాత్రం ఓర్చుకోమని చెప్పకండి, అది డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. డోసు తగ్గించవచ్చు, ఇదే జాతిలో ఇంకోటి ఇవ్వవచ్చు. నాన్నకి మొదట్లో అటెనలాల్ ఇచ్చి తర్వాత మార్చారు. ఆయాసం పెరిగినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, పాదాలు వాచినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఎక్స్‌ఎల్ మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. మందు రోజంతా కొంచెం కొంచెంగా విడుదలయ్యేలా చేసింది అది.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. అమ్మగారికి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చేయించారా? అటెనలాల్ కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, కిడ్నీ దెబ్బతింటే ఒంట్లో పేరుకుని పల్స్ మరీ పడిపోతుంది. మెటోప్రొలాల్ ఎక్కువగా కాలేయంలో విరిగిపోతుంది కాబట్టి ఆ చిక్కు తక్కువ. కిడ్నీ రిపోర్టు ఏదున్నా గుండె డాక్టరుకు చూపించాలి. మోకాళ్ల నొప్పులకని కొట్లో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలనూ పాడుచేస్తాయి. మన వైపు ఇంత కిడ్నీ జబ్బు చూస్తూ కూడా ఆ మాత్రలు చిల్లర సామానులా కొనేవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ఉబ్బసం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి, ఈ జాతి మాత్రలు ఊపిరి గొట్టాలను బిగించగలవు. షుగర్ ఉండి దానికి ఇన్సులిన్, మాత్రలు వాడుతుంటే, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందు వల్ల తెలియకుండా పోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించాలి. వెరపమిల్, డిల్టియజెమ్ అనే బీపీ, గుండె మందులు కూడా గుండె వేగాన్ని తగ్గిస్తాయి, వేరే డాక్టరు అవి రాస్తే ఇది వాడుతున్నట్టు చెప్పాలి. కంటి నీటికాసులకు (గ్లాకోమాకు) వేసే టిమొలాల్ చుక్కలు కూడా బీటా బ్లాకరే, చుక్కలే కదా అని చెప్పడం మానేస్తారు చాలామంది. ఒకసారి విశాఖలో నాన్నకు టెల్మిసార్టన్ అనే బీపీ మందు, మెటోప్రొలాల్ కలిసిన మాత్ర రాశారు. ఇంట్లో పాత మెటోప్రొలాల్ ఇంకా ఉంది. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి మందుల పేర్లు చదివిన మెడికల్ షాపు కుర్రాడే అది పట్టుకున్నాడు, లేకపోతే డోసు రెట్టింపు అయ్యేది.

నొప్పి వచ్చినప్పుడు ఈ మాత్ర ఇంకోటి వేసుకుంటే తగ్గదు. డాక్టరు సార్బిట్రేట్ ఇచ్చి ఉంటే కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, ఆటో కోసం వెతక్కండి. సార్బిట్రేట్ ఇవ్వలేదంటే ఈసారి వెళ్లినప్పుడు అడగండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, కంటిచుక్కలతో సహా, ఒక సంచిలో వేసుకుని పల్స్ రాసిన కాగితంతో వెళ్లండి. నీరసం గురించి అమ్మగారినే చెప్పనివ్వండి.