పూలు రాలాక ఆర్కిడ్‌ని ఏం చెయ్యాలంటే

బుజ్జీ,

నీ ఆర్కిడ్ పూలన్నీ రాలిపోయాయనీ, అయినా పారెయ్యకుండా మళ్లీ పూయించి చూపిస్తానని పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విని మురిసిపోయాను, ఎందుకంటే చాలామంది పూలున్నన్నాళ్లూ ఫొటోలు తీసుకుని ఆఖరి పువ్వు రాలగానే కుండీతో సహా చెత్తబుట్టలో పడేస్తారు. ఆ వెంటనే "రోజూ లేవగానే ముందు దానికే నీళ్లు పోస్తోంది వదినా" అంది. అంతే, మురిపెం పోయి టెన్షన్ పట్టుకుంది. నువ్వు అచ్చం మీ నాన్న కూతురివి.

ఫొటోలో ఆ వెడల్పాటి ఆకులు చూస్తే నీది ఫాలెనాప్సిస్ రకం ఆర్కిడే. దాని గురించే రాస్తున్నాను, డెండ్రోబియం లాంటి వేరే రకం ఆర్కిడ్ల లెక్క వేరు, వాటి కాండాలు ఆకులు రాలి మోడుగా కనిపించినా కొయ్యకూడదు.

పూల కాడ సంగతి తేలిక. ఎండి గోధుమరంగుకి తిరిగితే మొదలంటా తీసెయ్యి. పచ్చగా ఉంటే కింది నుంచి రెండో మూడో కణుపు చూసుకుని దానికి కాస్త పైన కత్తిరించు, అక్కడి నుంచి పక్క కొమ్మ వచ్చి రెండు మూడు నెలల్లో మళ్లీ పూసే అవకాశం ఉంది, కాకపోతే ఈసారి పూలు కొంచెం తక్కువగా, చిన్నగా ఉంటాయి. మొక్క నీరసంగా ఉంటే మాత్రం ఆశపడకు, కాడ పచ్చగా ఉన్నా కోసెయ్యి, ముందు దాన్ని కోలుకోనీ. కత్తెరని మంటలో కాల్చి, చల్లారాక వాడు. ఒక మొక్కలోని వైరస్ కత్తెర పట్టుకుని ఇంకో మొక్కకి పోతుంది, దానికి మందు లేదు.

ఇక నీళ్లు. పెళ్లికి ముందు మీ నాన్న దగ్గర ఒక తెల్ల ఆర్కిడ్ ఉండేది, ఎవరో బహుమతిగా ఇచ్చారు. పూలు రాలేసరికి వాడికి దిగులు పట్టుకుంది. ఊరుకుంటే సరిపోయేది, కానీ మీ నాన్న ఊరుకునే రకమా! ఆ పాత ప్లాస్టిక్ కుండీ వల్లే ఇలా అయిందని తీర్మానించి, అడుగున చిల్లు లేని పింగాణీ కుండీ తెచ్చి అందులో దింపాడు. పొద్దున నీళ్లు, రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ నీళ్లు. నేను వెళ్లేసరికి ఆకులు మెత్తబడి, ముడతలు పడి వేలాడుతున్నాయి. "చూడక్కా, దాహంతో ఎలా వాడిపోయిందో" అంటూ నా కళ్లముందే ఇంకో గ్లాసు గుమ్మరించాడు. నేను కోప్పడి మొక్కని పైకి లాగితే అడుగున నల్లటి మురుగునీళ్లు, గుప్పుమని కంపు. ఒక వేరుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగాను, పైతొడుగంతా జారి చేతిలోకి వచ్చేసింది, లోపల సన్నటి పోగొక్కటి మిగిలింది. గట్టిగా ఉన్న వేరు వెతికితే ఒక్కటీ దొరకలేదు.

ఇందులో మోసం ఎక్కడుందో చూడు. వేర్లు కుళ్లిపోయాక ఎన్ని నీళ్లు పోసినా ఆకులకి అందవు, కాబట్టి నీళ్లు ఎక్కువైన మొక్క కూడా నీళ్లు లేని మొక్కలాగే వాడిపోతుంది. చూసినవాళ్లు అయ్యో పాపం అని ఇంకా పోస్తారు, అది ఇంకా కుళ్లుతుంది. అడవిలో ఇది చెట్ల కొమ్మలు పట్టుకుని బతికే మొక్క. వేర్లు గాల్లోనే ఉంటాయి, వాటి మీద తెల్లటి పొర స్పాంజిలా వాన నీటిని పీల్చుకుని, వాన వెలిశాక ఆరిపోతుంది. ఆరడం దానికి అవసరం, శిక్ష కాదు.

మొక్క పోయాక వాడు చాలా రోజులు ఆ కిటికీ వైపు చూడలేదు. ఇది చెప్పానని మీ నాన్నని ఆటపట్టించకు. నీకు చిన్నప్పుడు జ్వరమొస్తే దుప్పటి మీద దుప్పటి కప్పేవాడు, మీ అమ్మ వెనకాలే వచ్చి ఒక్కోటీ తీసేది. వాడికి ప్రేమంటే ఏదో ఒకటి చేస్తూ ఉండటమే, నీకూ అదే వచ్చింది.

అందుకని రోజూ పొయ్యడం ఇవాళే ఆపెయ్యి. వారానికోసారి అని అందరూ చెబుతారు, అదీ గుడ్డిగా నమ్మకు, వేర్లు చూడు. తడిగా ఉన్న వేరు పచ్చగా ఉంటుంది, ఆరితే వెండిరంగుకి తిరుగుతుంది. వెండిరంగు కనిపించిన రోజు పొద్దున్నే కింది నుంచి కారేదాకా ధారాళంగా పోసి, నీరంతా ఓడిపోయాకే తిరిగి దాని చోట పెట్టు. ఆకుల మధ్య మొవ్వులో నీళ్లు నిలిస్తే టిష్యూతో అద్దెయ్యి, మొవ్వు కుళ్లితే మొక్క బతకడం కష్టం.

కుండీ మార్చాలనుకుంటే పూలు పోయిన ఈ సమయమే మంచిది. కుండీలో మట్టికి బదులు వేసే బెరడు ముక్కలు ఏడాది రెండేళ్లలో చివికి పొడైపోయి వేర్లకి గాలి ఆడనివ్వవు. మామూలు మట్టి వద్దే వద్దు. మళ్లీ బెరడే వాడు, వేర్లు పట్టేంత కుండీ చాలు, పెద్దదైతే తడి ఆరదు. మెత్తబడిన వేర్లు, బోలుగా ఉన్న వేర్లు కోసెయ్యి. కుండీ బయటికి పాకిన గాలి వేర్లు వికారంగా ఉన్నాయని కోస్తావేమో, ముట్టుకోకు, అవి బతికున్న వేర్లే.

ఎరువు చాలా పలచగా, కొత్త ఆకో వేరో వస్తున్నప్పుడే, అదీ తడి వేర్ల మీద. నెలకోసారి వట్టి నీళ్లతో కడిగెయ్యి, లేకపోతే ఎరువులోని ఉప్పు పేరుకుంటుంది. ఆకుల సందుల్లో పిండినల్లి, అంటే తెల్లటి దూదిలా అంటుకునే పురుగు, కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యి.

వెలుతురు బాగా ఉండాలి, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదు. ఆకులు ముదురు పచ్చగా, నల్లబారినట్టు ఉంటే వెలుతురు చాలట్లేదని అర్థం, అలాంటి మొక్క ఎన్నేళ్లయినా ఆకులే వేస్తుంది. చాలామంది వదిలేసేది రాత్రి చల్లదనం. కొన్ని వారాలపాటు రాత్రుళ్లు 15 నుంచి 18 డిగ్రీల దాకా దిగితే పూల కాడ బయల్దేరుతుంది. అప్పటిదాకా నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది, నువ్వు దాన్ని కదపకుండా ఉండాలి, అదే నీకు కష్టం.

ఆకు కింద నుంచి ఏదో పొడుచుకొస్తే ముందు గంతులెయ్యకు. కొస గుండ్రంగా, నునుపుగా ఉంటే వేరు, కొంచెం చదునుగా, ఒక పక్కకి బొడిపె ఉన్నట్టుంటే పూల కాడ. కాడ అయితే కుండీని తిప్పుతూ ఉండకు, అది వెలుతురు వైపు తిరిగి పెరుగుతుంది, తిప్పితే వంకర్లు పోతుంది.

కుండీలోంచి తీసిన రోజు ఫొటో పంపు, ఆకులవి కాదు, వేర్లవి. నేను చూసి చెప్పేదాకా కత్తెర జోలికి వెళ్లకు.

మీ పెద్దత్త